మ్యూజియంలో ఒక పని గది ఇప్పించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను చిత్రకారిణిని. మ్యూజియాలు పిలిచినప్పుడు వెళ్లి, వచ్చినవాళ్లతో బొమ్మలు వేయించడం, మట్టి పని చేయించడం, అచ్చులు చెక్కించడం నా వృత్తిలో భాగం. నేను అడగబోయేది పెద్ద భవనమూ కాదు, కొత్త పేరుతో పథకమూ కాదు. ప్రతి ప్రభుత్వ మ్యూజియంలో ఏడాది పొడవునా నడిచే ఒక పని గది కావాలి. అందులోకి అయిదేళ్ల పిల్లా రావాలి, ఎనభై ఏళ్ల పెద్దాయనా రావాలి.

"వర్క్‌షాపులు ఇప్పటికే పెడుతున్నాం కదా" అని మీ అధికారులు చెప్పవచ్చు. పెడుతున్నారు. సెలవుల్లో ఒక రోజు ప్రకటిస్తారు. వరండాలో బల్లలు వేసి, పిల్లలకు ఒక అంశం ఇచ్చి, గంటలో బొమ్మ పూర్తి చేయమంటారు. ముఖ్య అతిథి వచ్చాక మూడు బహుమతులు, బోలెడన్ని ఫొటోలు. లోపల గ్యాలరీల్లో ఏముందో చూడకుండానే చాలామంది పిల్లలు ఇంటికి వెళ్లిపోతారు. తీసుకొచ్చిన అమ్మానాన్నలు బయట ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. వాళ్ల చేతికీ ఒక బ్రష్ ఇద్దామని ఎవరికీ తోచదు. దీన్ని పోటీ అంటే సరిపోతుంది, వర్క్‌షాప్ అనడానికి నాకు మనసొప్పదు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక్కో చిత్రం ముందు జనం ఎంతసేపు ఆగుతున్నారో గమనించి, ఆ లెక్కను 2001లో ప్రచురించారు. సగటున 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లు దాటలేదు. అదీ పేరు మోసిన చిత్రాల ముందు! జనానికి ఆసక్తి లేదని అనుకోవడం తేలిక. దేనికోసం చూడాలో తెలియక ముందుకు కదిలిపోతారని నా అభిప్రాయం. మట్టిని తాడులా పేని, చుట్టలు పేర్చి కుండ కట్టబోయిన మనిషికి మెడ దగ్గరికి రాగానే అది కూలిపోతుంది. అప్పుడు అదే మనిషిని అద్దాల బీరువాలో ఉన్న పాత కుండ దగ్గరికి తీసుకెళ్లండి. అంచు ఎంత మందం ఉంది, భుజం ఎక్కడ తిరిగింది, లోపల వేళ్ల గుర్తులు కనిపిస్తున్నాయా అని వంగి వంగి చూస్తారు. గైడ్ నోరు విప్పాల్సిన పనే ఉండదు. అచ్చు చెక్కితే అక్షరాలు తిరగబడతాయని ఒక్కసారి చేతికి తెలిస్తే, పాత ముద్రణ పలకల ముందు ఆగే తీరే మారిపోతుంది. ఇందుకే పని గది మ్యూజియంలో ఉండాలంటున్నాను. వస్తువు పక్క హాల్లో లేకపోతే ఈ రాకపోకలు కుదరవు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1937 నుంచి 1969 వరకు విద్యా విభాగాన్ని నడిపిన విక్టర్ డామికో 1942లో పిల్లల కోసం ఆర్ట్ కార్నివాల్ అనే కళా కార్యక్రమం మొదలుపెట్టారు. తల్లిదండ్రులకు లోపలికి ప్రవేశం లేదు. పక్కన కూర్చుని "అలా కాదు, ఇటివ్వు" అంటూ బ్రష్ లాక్కునే పెద్దలను చూసినవాళ్లకు ఆయన బాధ అర్థమవుతుంది. అలాగని పెద్దలను ఆయన వదిలేయలేదు. 1944 నుంచి 1948 దాకా, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం అదే మ్యూజియం ప్రత్యేకంగా ఒక కళా కేంద్రం నడిపింది. పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే కళా కేంద్రం 1977లో తలుపులు తెరిచినప్పుడే అందులో పిల్లల పని గది పెట్టారు. పెద్దలకు వాళ్ల మట్టి ముద్ద వాళ్లకిస్తే పిల్లల పనిలో వేలు పెట్టరు. ఇది మాత్రం నేను కళ్లారా చూసినది.

వృద్ధుల సంగతి వేరుగా చెప్పాలి. మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్లనూ, వాళ్లను చూసుకునేవాళ్లనూ కలిపి పిలిచే కార్యక్రమాన్ని డామికో పనిచేసిన ఆ న్యూయార్క్ మ్యూజియమే 2006లో ప్రారంభించింది. జనం తాకిడి లేకుండా, మ్యూజియానికి సెలవున్న రోజునే వాళ్లను రమ్మనేది. మన మ్యూజియాలకూ వారంలో ఒక సెలవు రోజు ఉంది కదండీ. వణికే చేతులకు లావు పిడి ఉన్న బ్రష్‌లు, చూపు లేనివాళ్లకు తాకి చూసే నమూనాలు ఉంటే చాలు, వాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు.

ఇక గది గురించి. దయచేసి ఏసీ, ప్రొజెక్టర్‌తో మొదలుపెట్టకండి. కావలసింది నీళ్లు. లోతైన సింక్, దాని కింద మట్టి పేరుకునే తొట్టి ఉండాలి, లేకపోతే కొన్నాళ్లకే పైపులు పూడుకుపోతాయి. ఎండిన మట్టి పొడి ఊపిరితిత్తులకు చెరుపు కాబట్టి నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. "వస్తువులు పాడవుతాయి" అన్న క్యూరేటర్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గ్యాలరీలోకి పెన్సిల్, కాగితం తప్ప సిరా, రంగులు వెళ్లకూడదు. పురుగులను పిలిచే పిండి జిగురు, గింజలు పని గదిలో కూడా వద్దు. ఈ నియమాలు పాటించడం కష్టమేమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, నేర్పేవాళ్లకు జీతం. ప్రస్తుతం మమ్మల్ని "సేవాభావంతో రండి" అని పిలుస్తారు. టెంట్ వేసినవాళ్లకు బిల్లు చెల్లిస్తారు, మైకు పెట్టినవాళ్లకు చెల్లిస్తారు, కళాకారులకు మాత్రం సర్టిఫికెట్ ఇస్తారు! ఏడాది పాటు నిలిచి పనిచేసే కళాకారులు లేకపోతే ఎంత మంచి గదైనా ఆరు నెలల్లో స్టోర్ రూమ్ అవుతుంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం వారంలో రెండు సాయంత్రాలైనా గది తెరవాలి. పోటీలు, ర్యాంకులు ఆ గది గుమ్మం దాటి రాకూడదు.

వచ్చే బడ్జెట్‌లో దీనికి విడిగా ఒక పద్దు పెట్టించండి. అన్నిచోట్లా ఒకేసారి వీలుకాకపోతే ముందు ఒక్క మ్యూజియంలో ఏడాది నడిపించి చూడండి. ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు, ఎంతమంది మళ్లీ వచ్చారన్న లెక్కా రాయించండి. ప్రారంభోత్సవానికి మీరే రావాలి. రిబ్బన్ ఉండదు. బల్ల దగ్గర మీకూ ఒక ముద్ద మట్టి పెడతాం, గంటసేపు తీరిక చేసుకుని రండి.

ఇట్లు,
మ్యూజియాల్లో చేతిపని నేర్పే ఒక చిత్రకారిణి