వంద కిలోమీటర్ల దూరంలో మాటలు

పిల్లలు స్పీచ్ థెరపీ (మాటలు సరిగా రానివాళ్లకు మాటలు నేర్పే చికిత్స) మానేయడానికి కారణం తల్లుల నిర్లక్ష్యం కాదు, దూరం. మా ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. కాసేపటి థెరపీకి రోజంతా పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే, మరి పోయిన కూలి ఎవరిస్తారు? మా పక్కింటి నాలుగేళ్ల బాబును వాళ్లమ్మ మూడు వారాలు తిప్పింది. నాలుగో వారం మిరప కోతలొచ్చాయి. పైగా నాయనమ్మ ‘వాళ్ల నాన్నకూ లేటుగానే మాటలొచ్చాయి, ఊరుకో’ అంది. ఈ ఒక్క మాట ఎంతమంది పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టిందో! మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి కదా, వారానికో రోజు, అదీ ముందే చెప్పిన రోజున, థెరపిస్టునే అక్కడికి పంపాలి. రాలేని వారం ఇంట్లో ఏం పలికించాలో తల్లి ఫోన్‌కు తెలుగులో చిన్న వీడియో పంపాలి.

– ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త, ఉదయగిరి, నెల్లూరు జిల్లా