డయాలసిస్ రోగి అడిగే ప్రశ్నకు జవాబు ఇప్పించండి: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారములు.

నేను ఉద్దానంలో, కవిటి మండలానికి చెందిన కొబ్బరి రైతును. వారానికి మూడుసార్లు, విడతకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించుకుంటున్నాను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మంచాల గురించి, యంత్రాల గురించి ఈ లేఖ కాదు.

ఒక కేంద్రంలో నా డ్రై వెయిట్ ఎంతగా నిర్ణయించారని అడిగితే, "అవన్నీ నీకెందుకు, పడుకో" అన్నారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన ఆ బరువు కంటే దిగువకు నీరు తీస్తే రక్తపోటు పడిపోయి పిక్కలు పట్టేస్తాయి, తక్కువ తీస్తే రాత్రంతా ఆయాసంతో కూర్చోవలసి వస్తుంది; కాబట్టి ఆ అంకె తెలిసిన రోగి తాను తాగే నీటికి తానే లెక్క చూసుకోగలడు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు శస్త్రచికిత్సతో కలిపిన రక్తనాళాలు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టవద్దని కొత్త సిబ్బందికి నేనే చెప్పవలసి వచ్చింది, చెప్పినందుకు మాట పడ్డాను. పాడైన కిడ్నీలు బయటికి పంపలేని పొటాషియం కారణంగా కొబ్బరినీళ్లు నాకు ప్రమాదమని, కొబ్బరి తోట ఉన్న నాకు, పక్క మంచం రోగి చెప్పేదాకా తెలియదు.

సిబ్బందికి తీరిక ఉండదని నాకు తెలుసు. అందుకే ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. ప్రతి విడత బరువు, రక్తపోటు, తీసిన నీరు, మందుల మార్పులు తెలుగులో రాసిన పుస్తకం రోగి చేతిలో ఉండేలా, నెలకొకసారి వైద్యుడు దాన్ని రోగితో కలిసి చూసేలా ఆదేశించ ప్రార్థన. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలన్న 2002 నాటి వైద్య మండలి నిబంధనను కూడా ప్రతి కేంద్రం గోడ మీద తెలుగులో రాయించండి.

ఇట్లు,
ఉద్దానం రోగి