బరువు లేని బంతి

చిన్నా,

కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గేమ్ ఉంటే చాలు, బంతి పట్టడం, బూట్ల లేసులు కట్టడం ఇక సాధన చేయనన్నావు. ఎదురుగా కూర్చుంటే ఇద్దరం గొంతు పెంచుతాం కాబట్టి రాస్తున్నాను.

నీ మాటలో సగం న్యాయం ఉంది. నిజం బంతి నీకోసం ఆగదు. అది ఎటు వస్తుందో మెదడు ముందే అంచనా కట్టి చేతిని సిద్ధం చేయాలి. నీలాగా డీసీడీ, అంటే ఒంటి కదలికలను సమన్వయం చేసుకోవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లలకు ఆ అంచనా దగ్గరే చిక్కు వస్తుండవచ్చని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. తెలివితక్కువతనంతో గానీ బద్ధకంతో గానీ దీనికి సంబంధం లేదు. బడి వయసు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అంటే మీ తరగతిలోనే నీకు జత ఇంకొకరు ఉండవచ్చు, బయటికి చెప్పకుండా.

గేమ్‌లో ఆ బంతి వేగం తగ్గించవచ్చు, సైజు పెంచవచ్చు, విసుగు లేకుండా ఎన్నిసార్లయినా ఒకే తీరుగా వేయించవచ్చు. చెయ్యి ఆలస్యమైతే ఆ క్షణంలోనే తెలుస్తుంది. పైగా జారవిడిస్తే ఎవరూ నవ్వరు. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద మందు ఇదే.

మిగతా సగం దగ్గరే నాకు పేచీ. ఆ బంతికి బరువు లేదు. మీట నొక్కితే వచ్చి చేతికి అతుక్కుంటుంది. నిజం బంతి అరచేతికి తగిలి ఎగిరిపోబోతుంది. వేళ్లు ఎప్పుడు ముడవాలో ఆ తాకిడే నేర్పుతుంది. గేమ్‌లో స్కోరు పెరిగిందంటే ఆ గేమ్ బాగా వచ్చిందని అర్థం. ఆ నేర్పు మైదానంలోకి దానంతట అదే వస్తుందన్న హామీ లేదు. 2019లో వెలువడిన అంతర్జాతీయ వైద్య సిఫార్సులు ఒళ్లు కదిలించి ఆడే వీడియో గేములను అదనపు సాయంగానే చూశాయి. పిల్లలకు రోజూ కావలసిన పనులను నేరుగా సాధన చేయించడానికే పెద్దపీట వేశాయి.

ఇంకొకటి. తల తిరిగితే దాచకు. స్కోరు కోసం ఓర్చుకునే రకం నువ్వు. కదులుతున్నామని కళ్లు చెబుతాయి, కదలడం లేదని లోపలి చెవి చెబుతుంది. ఆ తగాదాకే కడుపులో తిప్పుతుంది. వెంటనే హెడ్‌సెట్ తీసేసి కూర్చో.

లేసులు మాత్రం వదిలేద్దాం, నిజంగానే. ముడి అక్కర్లేని సాగే లేసులు దొరుకుతాయి, అవి వేసుకున్నందుకు ఎవరి పరువూ పోదు. లేసులు కట్టడం నేను కోరిన పని, నువ్వు కోరినది కాదు. నీకు నిజంగా రావాలని ఉన్న పని ఒక్కటి చెప్పు. థెరపిస్టు నీతో చేయించే పద్ధతిలోనే వెళదాం: ఏం కావాలో అనుకోవడం, ఎలా చేయాలో ఆలోచించడం, చేసి చూడడం, ఎక్కడ తప్పిందో గమనించడం. బంతి పట్టడమే ఎంచుకుంటే గేమ్ మానక్కర్లేదు. ముందు అందులో నిదానమైన బంతి ఆడు, అదే రోజు హాల్లో బెలూనుతో, తర్వాత మెత్తటి బంతితో.

ఈసారి థెరపిస్టు దగ్గర నువ్వే మాట్లాడు, నేను పక్కన కూర్చుంటాను. బంతి విసిరే పని తనకే కావాలని చెల్లి పట్టుబడుతోంది. దాని విసురు ఎటు పోతుందో నీకు తెలుసు కాబట్టి, మొదట్లో నేనే విసురుతాను.

అమ్మ