శీనుగాడికి, ఆస్పత్రి బల్ల మీంచి

గుంటూరు,
శనివారం రాత్రి, పన్నెండున్నర

ఒరేయ్ శీనూ,

నీ ఫోన్లు తొమ్మిదీ చూశాను. ఎత్తలేదు. కోపం తెచ్చుకోకు. ఎత్తితే నువ్వు "ఎలా ఉందిరా?" అంటావు, ఆ ఒక్క మాటకే నా గొంతు పూడుకుపోతుంది. మొన్న మా కరెంటాఫీసు ఏఈ గారు చేస్తే సగంలో పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. కాయితాలు పాత డైరీవి, బ్యాగులో ఇవే ఉన్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు, మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నా.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నువ్వు పంపిన డబ్బు అందింది. అమ్మ మోకాళ్ళ నొప్పులతో ఇంటి దగ్గరే ఉంది. గేదె ఈనింది. డ్యూటీలు మావాళ్ళు సర్దుతున్నారు. బావమరిది రోజూ బాపట్ల నుంచి క్యారియర్ తెస్తున్నాడు. అంతే. ఇక అసలు సంగతి.

ఈవేళ సాయంత్రం నాలుగింటికి నా కూతురు నా గుండెల మీద పడుకుందిరా. గంటా పది నిమిషాలు!

మొదట్నించీ చెప్పకపోతే ఇది ఎంత పెద్ద సంగతో నీకు తెలియదు. మూడు వారాల కిందట ఆదివారం రాత్రి మీ చెల్లెమ్మకి బీపీ 170 దాటింది. తలపోటు, కళ్ళ ముందు మెరుపులు. బాపట్లలో చూపిస్తే అక్కడి డాక్టరమ్మ ఒకే మాట చెప్పింది. "ఇక్కడ పురుడు పోయగలను, కానీ ఇంత చిన్న బిడ్డని చూసుకునే ఏర్పాటు లేదు. బిడ్డ కడుపులో ఉండగానే గుంటూరు వెళ్ళిపోండి, తల్లి కడుపుని మించిన అంబులెన్సు లేదు." పంపే ముందు ఒక ఇంజెక్షన్ ఇచ్చింది, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికట. పన్నెండేసి గంటలకి ఒకటి చొప్పున నాలుగు పడాలి. మూడే పడ్డాయి. మంగళవారం తెల్లవారుజామున ఆపరేషన్ చేసేశారు. ముప్పై వారాలు. 1,240 గ్రాములు. మన హాస్టల్లో టీకి తెచ్చుకునే అరకిలో పంచదార ప్యాకెట్లు గుర్తున్నాయా, రెండున్నర. అంతే మనిషి.

ఏడుపు కూడా పిల్లికూన ఏడ్చినట్టు ఒక్కసారి వినబడింది. చూపించి చూపించకుండానే పట్టుకుపోయారు. ఊపిరితిత్తులు లోపల అంటుకుపోకుండా ఏదో మందు గొంతులోంచి పోశారు. ముక్కుకి గొట్టాలు, ఆ గొట్టం ఇంకో కొస నీళ్ళ సీసాలో, ఎప్పుడూ బుడగలు. బుడబుడ, బుడబుడ. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యం. ఆరు రోజులు అదే, తర్వాత తీసేశారు.

నెంబర్ల గురించి చెప్పాలి. పాదానికి చిన్న పట్టీ కడతారు, అందులో ఎర్రలైటు. దాంతో ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో పైన తెర మీద కనబడుతుంది. నా సంగతి నీకు తెలుసుగా, పదేళ్ళుగా మీటర్లు చూసి బతికేవాణ్ణి. అద్దం అవతల నిలబడి ఆ అంకె ఒక్కటే చూసేవాణ్ణి. 93, 92, 94. మూడో రోజు అడిగాను, "సిస్టర్, ఇంకొంచెం ఆక్సిజన్ పెంచితే 100 వస్తుంది కదా, పెంచరాదా?" అని. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆ అంకె 90 నుంచి 95 మధ్యనే ఉంచాలట. ఎక్కువైతే కంటి వెనక పొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చట. నాకు వెంటనే తలకెక్కింది. 230 వోల్టులు ఉండాల్సిన లైనులో 300 వస్తే ఇంట్లో బల్బులేం మిగులుతాయి? నెల లోపల కళ్ళ డాక్టరు వచ్చి చూడాలి. అది ఇంకా ఉంది. దాన్ని తలుచుకుంటే... సరే, అది తర్వాత.

అసలు కోపం ఎక్కడొచ్చిందంటే బయట వరండాలో. మా వైపు ఒకావిడ, పెద్దది, వేళ్ళ మీద నెలలు లెక్కేస్తోంది. ఏడో నెల బిడ్డ అయితే దక్కుతుందట, ఎనిమిదో నెల బిడ్డ దక్కదట. మీ చెల్లెమ్మ వీల్‌చెయిర్‌లో ఆ పక్కనుంచే వెళ్తోంది, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వింది. ఆ రాత్రంతా అదే అడిగింది, "మనది ఏడోదా, ఎనిమిదోదా?" అని. పొద్దున్నే డాక్టరుగారిని అడిగాను. ఆయన కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు, కడుపులో ఒక్కో వారం ఎక్కువ గడిచినకొద్దీ బిడ్డకి అంత బలం, ఈ ఎనిమిదో నెల మాట వట్టిదే అని. అదే మాట ఆవిడకీ చెప్పాను. గట్టిగానే చెప్పాను. చుట్టరికం ఏమైపోయినా ఫరవాలేదు.

మీ చెల్లెమ్మ గురించి నీకు ఎలా రాయాలో తెలీడం లేదు. మొదటి రోజు పాలు రాలేదు. రెండు గంటలు కూర్చుంటే సిరంజిలో అర మి.లీ. ముర్రుపాలు వచ్చాయి. "ఇంతేనా" అని ఏడ్చింది. సిస్టర్ ఆ సిరంజిని బంగారం పట్టుకున్నట్టు పట్టుకుని, "దీనికి సమానమైన మందు మా దగ్గర లేదమ్మా" అని లోపలికి తీసుకెళ్ళి పాప బుగ్గల లోపల రాశారు. అప్పట్నించి రోజుకి ఎనిమిదిసార్లు, రాత్రి పన్నెండింటికీ, మూడింటికీ కూడా లేచి పాలు తీస్తోంది. గిన్నె మీద పేరు, టైము రాసి నేను పట్టుకెళ్ళి ఇస్తాను. నా డ్యూటీ అదీ. ఒక మి.లీ.తో మొదలెట్టి ఇప్పుడు రెండు గంటలకోసారి 16 మి.లీ. నోట్లోంచి గొట్టంతో పోస్తున్నారు. బరువు మొదటి వారం 1,110కి పడిపోయింది. ఆ రోజు అన్నం ముట్టలేదు ఇద్దరం. అందరు పిల్లలకీ మొదట్లో తగ్గుతుందని చెబుతూనే ఉన్నారు, వినబుద్ధి కావాలిగా. పద్నాలుగో రోజుకి మళ్ళీ 1,240. ఈ పొద్దున 1,310! మాడు మీద పెట్టి తీసే స్కాన్ కూడా చేశారు, మెదడులో రక్తం ఏమీ లేదన్నారు.

ఎనిమిదో రోజు నుంచి మీ చెల్లెమ్మ పాపని గుండెల మీద పెట్టుకుంటోంది. కంగారూ పద్ధతి అంటారు. ఒకరాత్రి ఈ బల్ల మీదే ఫోన్లో దాని గురించి చదివాను. కొలంబియా దేశంలో బొగోటా అనే ఊళ్ళో 1978లో మొదలైందట. ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెడుతుంటే, ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లుల గుండెలకే కట్టేయమన్నాడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే రోజుకి 8 గంటల నుంచి 24 గంటల దాకా అలా ఉంచమంటోందని డాక్టరుగారు చెప్పారు. పేద దేశంలో మిషన్లు లేక పుట్టిన ఉపాయం చూడు, ఎంతమంది తల్లులకి బిడ్డల్ని దక్కించిందో.

ఈవేళ మధ్యాహ్నం మీ చెల్లెమ్మకి పాలు గడ్డకట్టి 101 జ్వరం వచ్చింది. వణుకుతోంది, కూర్చోలేదు. జ్వరంలో కూడా పాలు తీయడం ఆపలేదు, ఆపకూడదట కూడా. "ఇవాళ దాన్ని ఎవరు ఎత్తుకుంటారు" అని ఒకటే గొడవ. సిస్టర్ నావైపు చూసి, "నాన్న ఉన్నారుగా" అన్నారు.

శీనూ, నా చేతులు నీకు తెలుసు. ఆ ఎడమ చేతి మచ్చ ఎలా వచ్చిందో నీకు తప్ప ఎవరికీ తెలీదు. పంతొమ్మిది రోజుల్లో ఆ చేతుల్తో దాన్ని ఒక్క వేలితో తాకాను, అదీ రెండుసార్లు. స్నానం చేసి రమ్మన్నారు. ఉంగరం, వాచీ తీయించి మోచేతుల దాకా సబ్బుతో కడిగించారు. చొక్కా గుండీలన్నీ విప్పి వాలు కుర్చీలో కూర్చోబెట్టారు. పాపకి టోపీ, మేజోళ్ళు, డైపర్, అంతే. కప్పపిల్లలా కాళ్ళు చేతులు ముడిచి, తల ఒక పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకెత్తి, నా ఛాతీకి నిలువునా ఆనించి గుడ్డతో చుట్టేశారు. బరువే లేదురా. వెచ్చదనం ఒక్కటే తెలిసింది. తర్వాత దాని ఊపిరి. ఎక్కడో పావురం పిల్ల కొట్టుకుంటున్నట్టు.

నేను మాత్రం ఊపిరి తీయడం మర్చిపోయాను. తెర మీద 95, 96. దాన్నే చూస్తున్నా.

ఇరవై నిమిషాలు దాటాక ఆ పావురం ఆగిపోయింది.

అంకె 88. తర్వాత 81. అలారం. గుండె వేగం 140 ఉండేది 90కి వచ్చేసింది. నా నోట మాట రాలేదు. సిస్టర్ పరుగెత్తలేదు. నడిచి వచ్చి దాని అరికాలు బొటనవేలితో రెండుసార్లు రాశారు. ఉలిక్కిపడి, ముక్కు చిట్లించి, మళ్ళీ ఊపిరి తీసింది. అంకె ఎక్కుతోంది. నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మర్చిపోతారట, మెదడు ఇంకా నేర్చుకుంటోందట. దానికి మందేమిటో తెలుసా? కెఫీన్! కాఫీలో ఉండేదే, మన పరీక్షల రాత్రుల మందే, రోజూ కొలిచి ఇస్తున్నారు. కొన్ని వారాల్లో ఆ అవసరం పోతుందట.

సిస్టర్ అప్పుడొక మాట అన్నారు. "ఆ తెరని మేం చూసుకుంటాం. మీరు పాపని చూడండి. రంగు చూడండి, వీపు కదులుతోందో లేదో చేత్తో తెలుసుకోండి."

పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ తెర మీంచి కళ్ళు తీశానురా. తీసి చూస్తే, దానికి మా అమ్మ చెవులు. చెవి వెనకాల మెత్తటి నూగు. కనుబొమ్మలు ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. నా ఛాతీ వెంట్రుకలు పిడికిట్లో పట్టుకుంది, వదలదు. ఇన్ని రోజులూ నేను చూసింది అంకెని, మా పాపని కాదు.

ఇంకోసారి ఆగింది, ఐదింటి ముందు. ఈసారి వీపు కదలడం లేదని అలారం కంటే ముందే నా చేతికి తెలిసింది. అరికాలు రాశాను. నేనే. తీసింది. సిస్టర్ దూరం నుంచి చూసి తలూపారు.

ఏదైనా మాట్లాడండి, మీ గొంతు దానికి తెలియాలి అన్నారు. నాకు పాటలు రావు, లాలి అసలే రాదు. ఏం మాట్లాడానో చెప్పనా? తెనాలి, చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల. మన ప్యాసింజర్ స్టేషన్లు. రైల్లో గార్డువయ్యాక నువ్వు కూడా ఇంత ప్రేమగా చెప్పి ఉండవు. అప్పికట్లలో నువ్వు గొడుగుతో చేసిన పని కూడా చెప్పాను, సగమే. మిగతా సగం పెద్దయ్యాక నువ్వే చెప్పాలి. మూడు ట్రిప్పులు కొట్టాను, మూడుసార్లూ బాపట్ల వచ్చేసరికి నిద్రలోనే ఉంది.

పైకి వెళ్ళి మీ చెల్లెమ్మకి చెబితే జ్వరంలో కూడా లేచి కూర్చుని, "నిన్ను గుర్తుపట్టిందా?" అంది. పట్టింది అన్నాను. పట్టిందనే నా నమ్మకం.

బారసాల లేదు, పేరు లేదు. ఫైలు మీద తల్లి పేరు ముందు "బేబీ ఆఫ్" అని ఉంటుంది. దిష్టిచుక్క పెట్టనివ్వరు. అమ్మ పంపిన నల్లదారం నా జేబులోనే ఉంది. ఇంటికి వెళ్ళిన రోజు కడతాను. ఎప్పుడు పంపుతారో ఇంకా చెప్పలేదు, ఊపిరి ఆగకుండా కొన్ని రోజులు గడవాలి, పాలు తనంతట తాను తాగాలి, కళ్ళు...

ఇంకోటి. మూడో నంబరు పడక పొద్దున్నుంచి ఖాళీ. ఆ నాన్న, నేను రోజూ టీ కలిసి తాగేవాళ్ళం. వాళ్ళది చిలకలూరిపేట దగ్గర. నిన్న రాత్రి కూడా బిస్కెట్ ప్యాకెట్టు సగం నాకిచ్చాడు. ఆ సంగతి నేను రాయలేను శీనూ. ఎదురుపడినా ఏం మాట్లాడాలో...

నీ వల్ల ఒక పని కావాలి. పాపని కట్టుకోవడానికి మెత్తటి నూలుగుడ్డ ఉంటే మంచిదట, ఇక్కడిచ్చేది గరుగ్గా ఉంది. మీ అమ్మగారి పాత చీరలు, ఆ వెంకటగిరివి, ఉతికి ఉతికి వెన్నలా అయినవి, రెండు ఉంటే ఇప్పించు. నేను అడగలేను, ఆవిడ నా గొంతు వింటే ఏడుస్తుంది. బావమరిదిని పొన్నూరులో దిగి తీసుకోమంటాను. రేపు మళ్ళీ నాలుగింటికి నన్నే కూర్చోమన్నారు, జ్వరం తగ్గితే ఇద్దరం చెరో పూట. డాక్టరుగారు ఇంకో సంగతి కూడా అన్నారు, అదేంటంటే

తలుపు దగ్గర నుంచి పిలుస్తున్నారు, పాల టైము అయింది. పైనుంచి గిన్నె తేవాలి. చీరలు మర్చిపోకు.

నీ
సుబ్బు