ముందు మెయిల్ సంగతి చూడు

చిన్నా,

కొత్త లాప్‌టాప్ కొన్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి ఈ సంగతులు నీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఫోన్‌లో మొదలుపెడితే "తెలుసమ్మా, చూసుకుంటాలే" అని మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిక చేసుకుని చివరిదాకా చదువు. నువ్వు కంప్యూటర్ సైన్స్ చదివావు, నాకు కోడ్ రాయడం రాదు. కానీ అకౌంట్లో డబ్బు పోయినవాళ్లు పరుగెత్తుకొచ్చేది మా బ్యాంకు బ్రాంచికే. ఆ వచ్చేవాళ్లలో ఇంజినీర్లు, లెక్చరర్లు, రిటైరైన ఆఫీసర్లు అందరూ ఉంటారు. అమాయకులే మోసపోతారన్న మాట మనసులో ఉంటే తీసెయ్యి.

ఇంటర్‌లో పెట్టుకున్న పాస్‌వర్డే ఇప్పటికీ అన్నిటికీ వాడుతున్నానని, చివరి అంకె మాత్రం మారుస్తుంటానని మొన్న మాటల్లో అన్నావు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. దొంగలు కూర్చుని నీ పాస్‌వర్డ్‌ని ఊహించరు నాన్నా. నువ్వెప్పుడో ఒక్కసారి బిర్యానీ ఆర్డర్ చేసి మర్చిపోయిన సైటు నుంచి డేటా బయటపడుతుంది. అందులోని మెయిల్, పాస్‌వర్డ్ జతలను ఒక ప్రోగ్రామ్ పట్టుకెళ్లి మిగతా సైట్లన్నిటిలో ప్రయత్నిస్తుంది. చివరి అంకె మార్చి చూడటం కూడా దానికి వచ్చు. 2012లో లింక్డ్‌ఇన్ పాస్‌వర్డ్‌లు దొంగల చేతికి పోయాయి. నెట్‌లో ఫైళ్లు దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ కంపెనీ ఉద్యోగి ఒకరు వేరేచోట వాడిన పాస్‌వర్డే ఆఫీసులోనూ వాడటంతో, ఆ దారిన డ్రాప్‌బాక్స్‌లోకీ చొరబడ్డారు. ఆరు కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయని 2016లో తేలింది. ఆ ఉద్యోగికి కంప్యూటర్లు తెలియక కాదు కదా!

నీ మెయిల్ ఎప్పుడైనా అలా బయటపడిందేమో చూసుకోవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పౌన్డ్' అనే సైటులో మెయిల్ అడ్రస్ కొడితే, ఏయే లీకుల్లో ఉందో చెబుతుంది. అక్కడ పాస్‌వర్డ్ అడగదు. నీ పాత మెయిల్, కాలేజీ మెయిల్ రెండూ చూడు.

ఇక అసలు విషయానికి వస్తాను. అందరూ బ్యాంకు యాప్ పాస్‌వర్డ్‌ని ప్రాణంలా చూసుకుంటారు, మెయిల్‌ని మాత్రం పట్టించుకోరు. నీ మెయిల్ ఇంటి తాళంచెవుల గుత్తి లాంటిది. షాపింగ్ సైటు, ఇన్‌స్టాగ్రామ్, రైలు టికెట్లు, ఆఫీసు జీతం పోర్టల్... దేని పాస్‌వర్డ్ మర్చిపోయానన్నా కొత్తది పెట్టుకునే లింకు వెళ్లేది మెయిల్‌కే. ఆధార్, పాన్ కాపీలు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా అందులోనే పడి ఉంటాయి. మెయిల్ దొరికినవాడికి మిగతావి ఒక్కొక్కటిగా దొరుకుతాయి. కాబట్టి ఇరవై అకౌంట్ల గురించి ఒకేసారి బెంగపడకుండా మెయిల్‌తో మొదలుపెట్టు. దానికి ఇంకెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్ పెట్టు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే చాలు. పాట పల్లవి, మన ఊరి పేరు, పుట్టినరోజు మాత్రం వద్దు. మిగతావాటి పాస్‌వర్డ్‌లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాటిని భద్రంగా దాచిపెట్టే యాప్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకో. ఆఫీసు కంప్యూటర్ బ్రౌజర్‌లో మాత్రం సొంత పాస్‌వర్డ్‌లు సేవ్ చేయకు.

పాస్‌వర్డ్ తర్వాత రెండో మెట్టు కూడా పెట్టాలి. ఎస్సెమ్మెస్‌లో ఓటీపీ వస్తుందిగా అంటావు. ఏమీ లేకపోవడం కంటే అది నయమే. కానీ దొంగ ఎవడైనా నీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీలన్నీ వాడికే పోతాయి. సిగ్నల్ ఉన్న చోటే ఉన్నట్టుండి నీ ఫోన్‌లో నెట్‌వర్క్ పోయి ఎంతకీ రాకపోతే, సాయంత్రం చూద్దాంలే అనుకోకుండా వేరే ఫోన్ నుంచి వెంటనే సిమ్ కంపెనీకి కాల్ చెయ్యి. మెయిల్‌కి మాత్రం ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ గానీ పెట్టుకో. పాస్‌కీలో నాకు నచ్చిందేమిటంటే, అది అసలు సైటు అడ్రస్‌కే కట్టుబడి ఉంటుంది. అచ్చం అలాగే కనిపించే నకిలీ పేజీ మీద మన కళ్లు మోసపోయినా అది పనిచేయదు. వాట్సాప్‌లో కూడా టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టు. స్నేహితుడి నంబర్ నుంచే "పొరపాటున నీకో కోడ్ వచ్చింది, పంపరా" అని మెసేజ్ వచ్చినా పంపకు, అప్పటికే వాడి అకౌంట్ దొంగ చేతిలో ఉండొచ్చు.

బ్యాంకు పేరుతో వచ్చే లింకుల విషయం మా ఉద్యోగానికి సంబంధించింది కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. రిజర్వ్ బ్యాంకు చెప్పడంతో 2025లో బ్యాంకులు తమ సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' (.bank.in) అనే చిరునామాకు మార్చుకున్నాయి. ఆ చిరునామాలు ఇచ్చేది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంకు స్థాపించిన ఐడీఆర్‌బీటీ సంస్థ. బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వదు. అడ్రస్ మొదట్లో బ్యాంకు పేరు ఎవరైనా ఇరికించగలరు, నువ్వు చూడాల్సింది https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు చివరగా ఏముందో. యూపీఐ సంగతి నీకు తెలిసిందే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగారంటే నీ డబ్బు వెళ్తున్నట్టే.

లాప్‌టాప్‌లో నేను ఎక్కువగా భయపడేది క్రాక్ సాఫ్ట్‌వేర్‌కి, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీలకి. హాస్టల్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్యమంటారు. ఆ మాట వినగానే ఆగిపోవాలి నువ్వు. అలాంటి వాటిలో దాక్కుని వచ్చే దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు నువ్వు లాగిన్ అయి ఉన్నావని చెప్పే కుకీలను కూడా ఎత్తుకెళ్తాయి. ఆ కుకీ దొంగ దగ్గరుంటే పాస్‌వర్డ్, ఓటీపీ ఏవీ అడగకుండానే సైటు వాడిని లోపలికి రానిస్తుంది. అందుకే ఎప్పుడైనా అనుమానం వస్తే ఆ కంప్యూటర్‌లోనే కూర్చుని పాస్‌వర్డ్ మార్చకు. వేరే ఫోన్ నుంచో లాప్‌టాప్ నుంచో అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేసి, ఆ తర్వాత మార్చు. సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బు కావాలంటే నన్నడుగు, ఇస్తాను. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో వచ్చే ఏపీకే ఫైళ్లదీ (ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) ఇదే సంగతి. ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ అడుగుతాయి, ఓటీపీల కోసం.

అప్‌డేట్ అడిగితే 'రేపు' అని నొక్కే అలవాటు మానుకో. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను స్తంభింపజేసింది, అప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా ఆగిపోయాయి. దానికి కావాల్సిన అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్న కంప్యూటర్ల జోలికి ఆ వైరస్ రాలేకపోయింది. ముఖ్యమైన ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, డిస్క్‌ని తీసి పక్కన పెట్టు. తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ వదలదు.

ఇంకొకటి, నీ వయసు పిల్లల్ని చూసి నా గుండె తరుక్కుపోయే విషయం. "నీ అకౌంట్ నాలుగు రోజులు వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం" అని ఎవరో అడుగుతారు. పిల్లలు నమ్మి ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తారు. దోచిన డబ్బు ముందుగా పడేది అలాంటి అకౌంట్లలోనే, పోలీసులకిచ్చే ఫిర్యాదులో మొదట కనిపించేదీ ఆ అకౌంట్ ఉన్నవాళ్ల పేరే. అకౌంట్ ఫ్రీజ్ అయ్యాక నీ ఈడు కుర్రాడొకడు తండ్రిని వెంటబెట్టుకుని మా బ్రాంచికి వచ్చాడు. ఆ తండ్రి ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నాడు. రూమ్మేట్ అడిగినా, చుట్టం అడిగినా నీ అకౌంట్ ఇవ్వకు. మొహమాటం అసలే వద్దు.

ఇన్ని చేసినా ఎప్పుడైనా మోసపోవచ్చు, నువ్వైనా నేనైనా. అప్పుడు మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి, తర్వాత బ్యాంకుకి, ఆ తర్వాత నాకు. ఫిర్యాదు అందగానే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లిందో అక్కడికి సమాచారం వస్తుంది, మేము ఆ మొత్తాన్ని కదలకుండా ఆపుతాం. కానీ అది ఇంకా అక్కడ ఉండాలి కదా! ఒక అకౌంట్ నుంచి పది అకౌంట్లకు నిమిషాల్లో పంచేసి ఏటీఎంలలో తీసేస్తారు. పిల్లలకు తెలిస్తే ఏమంటారోనని ఒక రిటైర్డ్ మాస్టారు రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండి, ఆ తర్వాత వచ్చారు. అప్పటికి మేము ఆపడానికి ఏమీ మిగల్లేదు. నువ్వు ఎంత పోగొట్టుకున్నా, ఏ లింకు నొక్కినా, ఎందుకు నొక్కావని నేను గానీ మీ నాన్న గానీ అడగం. ఈ మాట నేను ఇస్తున్నాను, మీ నాన్నతో కూడా అనిపించాను. పాస్‌వర్డ్ మనమే ఇచ్చేసినా సరే, బ్యాంకుకు చెప్పాక జరిగే నష్టం బ్యాంకు భరించాలని 2017లో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. అందుకని కూడా ఆలస్యం చెయ్యకు. రాతపూర్వకంగా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ దాచుకో.

ఈ ఆదివారం ఒక గంట మెయిల్ కోసం కేటాయించు. రికవరీకి నీ పాత కాలేజీ సిమ్ నంబరే ఉందేమో చూడు, దాన్ని నువ్వు వదిలేశావు, ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు. నీకు తెలియని పరికరం ఏదైనా లాగిన్ అయి ఉంటే తీసెయ్యి. అథెంటికేటర్ పెట్టినప్పుడు బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, వాటిని కాగితం మీద రాసి పండక్కి వచ్చేటప్పుడు తీసుకురా, బీరువాలో నీ సర్టిఫికెట్ల ఫైల్లో పెడతాను. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకు.

ప్రేమతో,
అమ్మ