సరంగుకో ఉత్తరం

నల్లగొండ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సరంగూ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించు. నీకు కోపం వచ్చిందని చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. న్యాయమే. కానీ ఈ సంగతి ఫోన్లో చెప్పేది కాదురా, మధ్యలో నువ్వు అడ్డం వస్తావు. కూర్చుని చదువు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు నయం. పాప నాలుగో తరగతికి వచ్చింది. బత్తాయిలకు ఈసారి ధర ఫరవాలేదు. పోస్టుమాస్టర్ గారి మేక ఇంకా బతికే ఉంది, అంతకంటే ఏమీ అడక్కు.

అసలు సంగతి ఏమిటంటే, మా కాలేజీలో ఓడల క్లబ్బు పెట్టాం! ఓడల్లో, రేవుల్లో, ఓడలు కట్టే చోట పని చేయాలనుకునే పిల్లల కోసం. నల్లగొండలో! సాగర్ లాంచీ తప్ప ఇంకో పడవ ఎరగని పిల్లలు వీళ్ళు. ఆ లాంచీలో నీకు ఈ పేరు ఎలా వచ్చిందో వాళ్ళకు చెప్పలేదులే, భయపడకు.

మొదలైంది ఒక ప్రశ్నతో. తేలే వస్తువుల పాఠం చెబుతూ, 2021 మార్చిలో సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుపోయిన ఎవర్ గివెన్ సంగతి ఎత్తాను. 400 మీటర్ల ఓడ అంటే నోళ్ళు తెరిచారు. అందులో పనిచేసే 25 మందీ మన దేశం వాళ్ళే అనగానే మూడో బెంచీలో ఒకడు లేచాడు. "వాళ్ళు ఏం చదివిన్రు సార్?" అని అడిగాడు. వాడిని మనం చిన్నోడు అందాం, పేరు రాయను. నార్కట్‌పల్లి దగ్గర ఊరు, వాళ్ళ నాయన తాటిచెట్లెక్కుతాడు. ఆ రోజు నుంచి నా వెంట పడ్డాడు. క్లబ్బు పెట్టించింది వాడే అనుకో.

పెద్దవాళ్ళలో కొందరు "ఇక్కడ సముద్రం ఎక్కడిది?" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. మొన్న 2025లో మన తెలంగాణ బియ్యం కాకినాడ రేవులో ఓడెక్కి ఫిలిప్పీన్స్ పోలేదా? నాగార్జునకొండ తవ్వకాల్లో రోము బంగారు నాణేలు దొరకలేదా? అవేమన్నా నడిచి వచ్చాయా? అదీగాక ఈ చదువులకు కావలసింది ఇంటి ముందు సముద్రం కాదు. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, ఇంగ్లీషులో 50, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ వాళ్ళ ప్రవేశ పరీక్ష. మన పిల్లలకు మార్కులు వస్తాయి, దారే తెలియదు. తెలియకపోతే ఏమవుతుందో చూశాం కదా. మా దగ్గర చదివే ఒక అమ్మాయి వాళ్ళ అన్న, ఓడలో ఉద్యోగమని ఎవడో ఏజెంటుకు పొలం అమ్మి డబ్బు కట్టాడు. ఉద్యోగం లేదు, ఆ మనిషి ఫోనూ లేదు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. కేంద్రంలో ఓడల వ్యవహారాలు చూసే డీజీ షిప్పింగ్ వాళ్ళ లైసెన్సు లేని ఏజెంటు గడప తొక్కొద్దని మొదటి రోజే బోర్డు మీద రాయించాను.

ఆడపిల్లలు ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కెప్టెన్ రాధికా మీనన్ సంగతి చెప్పాను. 2015 జూన్‌లో బంగాళాఖాతంలో పడవ పాడై కొట్టుకుపోతున్న ఏడుగురు జాలర్లను, అంత తుఫానులోనూ తన ఓడ దగ్గరికి తెచ్చి కాపాడింది కదా, మరుసటి ఏడు అంతర్జాతీయ సాహస పురస్కారం కూడా ఇచ్చారు. ఆ జాలర్లు కాకినాడ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు అనేసరికి లోపలికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆ అన్న చెల్లెలు కూడా.

ఇప్పుడు అసలు రోజు. అబ్బ, ఎక్కడ మొదలుపెట్టను!

దేవరకొండ వైపు తండా నుంచి వెళ్ళి ఓడలో సెకండ్ ఇంజనీరైన కుర్రాడొకడు సెలవుకు వచ్చాడు. పిలిస్తే వచ్చాడు. జీతం ఎంతో చెప్పాడు, ఇంజను గదిలో వేడి గురించి చెప్పాడు, చెల్లి పెళ్ళి ఫోన్లో చూశానని కూడా దాచకుండా చెప్పాడు. తర్వాత "చీకట్లో సముద్రం చూపిస్తా" అన్నాడు. కిటికీలకు జంపఖానాలు కట్టాం. టార్చిలైట్లకు రంగు కాగితం చుట్టి, ఒక్కొక్కరికీ ఎడమ చేతిలో ఎర్రది, కుడి చేతిలో పచ్చది పట్టించాడు. ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో ఓడ. రాత్రి పూట ఓడ కనపడదురా, దీపాలే కనపడతాయి. నీ కుడి పక్క నుంచి ఇంకో ఓడ అడ్డం వస్తుంటే దాని ఎర్ర దీపం నీకు కనిపిస్తుంది, అప్పుడు తప్పుకోవాల్సింది నువ్వు. ఎడమ నుంచి వస్తుంటే పచ్చది కనిపిస్తుంది, నువ్వు నీ దారిన పోవచ్చు. రెండూ కనిపిస్తే ఎదురుగా వస్తోందన్నమాట, ఇద్దరూ కుడికి తిరగాలి. ఎంత బాగుందో! అరవై మంది పట్టే గదిలో చీకట్లో ఎర్రా పచ్చా దీపాలు మెల్లగా కదులుతుంటే, నిజంగా, నాకు గుండె నిండిపోయింది.

చిన్నోడు ఒక అమ్మాయి ఓడను గుద్దాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. మళ్ళీ గుద్దాడు. మళ్ళీ నవ్వులు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి "తమ్ముడూ, ఏ రంగు కనపడ్డది?" అన్నాడు. "పచ్చదే కదన్నా." అది ఎర్రది.

జంపఖానాలు తీయమన్నాను. వెలుతురులో వాడి ముఖం... వద్దులే.

కళ్ళ డాక్టరు చుక్కల పుస్తకం చూపించి ఖాయం చేశాడు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. ఓడ నడపడానికీ కుదరదు, ఇంజను గదిలోనూ కుదరదు. కళ్ళద్దాల వాడైతే ఇంజను వైపైనా పోవచ్చు, దీనికి ఆ దారీ లేదు. నిబంధన సరైనదే, ఆ దీపాల ఆట చూసినవాడెవడూ కాదనలేడు. కానీ పదిహేడేళ్ళు వచ్చేదాకా ఒక్కరూ, బడిలో గానీ ఇంట్లో గానీ, ఆ పిల్లాడి కళ్ళు చూడలేదంటే ఎంత బాధ చెప్పు.

రెండు రోజులు కాలేజీకి రాలేదు. వాళ్ళ నాయన వచ్చాడు, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, పని మీద నుంచి నేరుగా. "సారూ, పిలగాడు అన్నం తింటలేడు" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "మిరపకాయలు తెంపుకరమ్మంటే పండువి పచ్చివి కలిపి తెస్తుండె. కొంటెతనమనుకుని వాళ్ళమ్మ కొట్టింది కూడ" అన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు. నాకు నోట మాట రాలేదు.

అప్పుడు ఇంజనీరు వాళ్ళింటికే వెళ్ళాడురా, తన సెలవు పక్కన పెట్టి. ఏం చెప్పాడో తెలియదు. శుక్రవారం చిన్నోడు క్లబ్బుకు వచ్చాడు, నాయన మోకు పట్టుకుని. ఇంజనీరు ఓడ తాళ్ళకు వేసే ముడులు నేర్పిస్తుంటే వీడు చూసి, తాటిచెట్లెక్కేవాళ్ళు వేసే ముడి వేసి చూపించాడు. ఇంజనీరు లాగి చూశాడు, బరువు వేసి చూశాడు, తనకూ నేర్పమన్నాడు. అందరూ వాడి చుట్టూ చేరారు. ఆఖర్న వాడు నన్ను అడిగిందేమిటో తెలుసా? "ఓడ గీసేటోళ్ళకు గూడ కళ్ళ పరీక్ష ఉంటదా సార్?"

అందుకే నీకు ఈ ఉత్తరం. ఆ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో ఓడల రూపకల్పన చదువు ఉంది, నేవల్ ఆర్కిటెక్చర్. నువ్వు ఉన్నది ఆ ఊళ్ళోనే. ఒక పూట సెలవు పెట్టి స్వయంగా వెళ్ళి అడుగు, చూపు విషయంలో నియమం ఏమిటో కాగితం మీద రాయించుకుని రా. ఫోన్ చేసి ఊరుకోకు, నీ సంగతి నాకు తెలుసు, ఆ కొత్తిమీర రోజు మరిచిపోలేదు. ఇంకోటి, సంక్రాంతి తర్వాత పిల్లల్ని విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి తీసుకొస్తాను. కురుసుర జలాంతర్గామి చూపించాలి. 1948లో నెహ్రూ జలఉష ఓడను నీళ్ళలోకి దింపిన షిప్‌యార్డు ఇదేనని బయట నుంచైనా చూపించాలి. పడుకోవడానికి ఏదైనా సత్రం చూడు, ఆడపిల్లలకు విడిగా గది ఉండాలి. ఖర్చు సంగతి ఇంకా

తలుపు కొడుతున్నారు, ఇంజనీరే, రేపు మళ్ళీ ఓడెక్కడానికి పోతున్నాడట. బస్టాండు దాకా వెళ్ళి వస్తాను, ఈ ఉత్తరం అక్కడే డబ్బాలో వేసేస్తా. ఆ కాగితం మాత్రం ఈ వారంలోనే

నీ రఘు