స్వాధీనం వదలని జూర్డాన్

చిరంజీవి బుజ్జికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ ఫోన్లో దెయ్యాల హోటలని సగం చెప్పి పెట్టేసిందట, మిగతా సగం నువ్వు ఊహించుకుని కూర్చున్నావని మీ అన్నయ్య అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కి కారులో దాదాపు ఆరు గంటల దారి. మిసిసిపి నది ఒడ్డున పాత ఊరుంది, ఫ్రెంచ్ క్వార్టర్ అంటారు. పేరు ఫ్రెంచివాళ్ళదే గాని, ఆ ఇనుప కమ్మీల వసారాలు, లోపలి మండువాలు స్పెయిన్‌వాళ్ళ ఏలుబడి నాటి పోకడలు. 1788 మార్చి 21న ఖజానా అధికారి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టిన కొవ్వొత్తి నుంచి తెర అంటుకుని ఊరంతా తగలబడింది. 1,100 కట్టడాలకు 856 బూడిద. ఆ రోజు గుడ్ ఫ్రైడే కావడంతో గంటలు కొట్టడానికి వీల్లేదని చర్చివాళ్ళు పట్టుబట్టారట. జనాన్ని పోగేసే దారే లేకపోయింది.

మేం భోంచేసిన మ్యూరియల్స్ అనే హోటలు చర్చికి నాలుగడుగుల దూరంలో, జాక్సన్ స్క్వేర్ మూలన ఉంది. హోటలు పెట్టింది 2001లోనే, కథ మాత్రం పాతది. వాళ్ళు చెప్పేదేమిటంటే, ఆ మంటల్లో దెబ్బతిన్న ఇంటిని పియేర్ ఆంట్వాన్ లెపార్డి జూర్డాన్ అనే ఆయన కొని, ముచ్చటపడి మళ్ళీ కట్టించుకున్నాడు. 1814లో పేకాటలో ఆ ఇంటినే పందెం కాసి పోగొట్టుకున్నాడు. ఖాళీ చేసి ఇవ్వాల్సిన గడువు రాకముందే మేడ మీద ప్రాణం తీసుకుని, దెయ్యమై ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడట.

జీవితమంతా దస్తావేజులు రాసినవాణ్ణి, నాకు దెయ్యం కన్నా ముందు దాఖలాలు గుర్తొచ్చాయి. పేకాటలో పోయిన ఇంటికి క్రయపత్రం ఎవడు రాశాడు, సాక్షులెవరు? మన దగ్గరైతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లనే చెల్లదు, దావా వేసినా నిలవదు. ఆయన ఖర్మ, అక్కడ పుట్టాడు. హక్కు పోయినా స్వాధీనం వదలని మనుషుల్ని మన రిజిస్ట్రారాఫీసు అరుగు మీద బోలెడుమందిని చూశాను. కాకపోతే వాళ్ళంతా బతికున్నవాళ్ళు.

హోటలువాళ్ళు మాత్రం ఆయనతో పేచీ పెట్టుకోలేదు. మెట్ల దగ్గర ఒక బల్ల ఆయనకే ప్రత్యేకం. రోజూ రాత్రి రొట్టె, వైను పెట్టి ఉంచుతారు. ఎంత రద్దీగా ఉన్నా అక్కడ ఇంకెవర్నీ కూర్చోబెట్టరు. ఆ చోటుకి అద్దె లెక్కేస్తే ఎంతవుతుందో! మీ అమ్మ భయపడుతుందనుకున్నాను. భయమా పాడా, "ఆ రొట్టె పొద్దున్నే ఏం చేస్తారో అడగరా" అని మీ అన్నయ్యని పొడవడం మొదలుపెట్టింది. వాడు సిగ్గుపడి అడగలేదు.

భోజనానికి మొక్కజొన్న రవ్వని వెన్నతో జారుగా ఉడికించి, మీద రొయ్యలు వేసి తెచ్చారు. రొయ్య బాగుంది, ఉప్పూ కారం మన నాలుకకి ఆనలేదు.

తిన్నాక మేడ మీదికి వెళ్ళి చూడొచ్చన్నారు. ఎర్రటి దీపాలు, పాత సోఫాలు, ఆత్మలతో మాట్లాడే గదిలాగా కావాలనే అలంకరించారు. గోడలోంచి తట్టిన చప్పుళ్ళు వస్తాయని, కింద మండువాలోని బారులో గ్లాసులు వాటంతటవే ఎగిరి ఇటుక గోడకి తగిలి పగిలాయని చెప్పారు. నాకు ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ ఊళ్ళో రాత్రిళ్ళు దెయ్యాల కథలు చెబుతూ జనాన్ని వీధుల వెంట తిప్పడమే ఒక వ్యాపారం, టిక్కెట్టు పెట్టి మరీ.

అయితే ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. జూర్డాన్ కాలంలో ఆ మేడ మీద బానిసలు ఉండేవారట. అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో మనుషుల్ని అమ్మే సంతల్లో న్యూ ఆర్లీన్స్‌దే అతి పెద్దది. ఇల్లు పందెంలో పెట్టినాయనకు పేరుంది, బల్లుంది, ఏళ్ళ తరబడి రొట్టె పెడుతున్నారు. ఆ గదుల్లో పడుకున్నవాళ్ళ పేరు ఒక్కటీ కథలో లేదు. ఆ కాలపు దస్తావేజుల్లో వాళ్ళు దొరుకుతారు, పేరూ వయసూ ధరా వేసి, స్థిరాస్తి పక్కన. నేను రాసిన కాగితాల్లాంటి కాగితాలే అవి. అది తలుచుకుంటే ఆ ఎర్ర దీపాల మధ్య కూర్చోబుద్ధి కాలేదు, కిందికి దిగిపోయాం.

కారెక్కాక మీ అమ్మే అంది. తాతయ్య తద్దినం నాడు శాస్త్రిగారు, నా అన్నవాళ్ళు లేకుండా పోయినవాళ్ళ కోసం దర్భల మీద విడిగా కాస్త అన్నం వేయిస్తారు కదా, ఇక్కడ అలాంటిదేమీ లేదా అని. మీ అన్నయ్య దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

తాతయ్య మాట వచ్చింది గనక, ఈసారి తద్దినానికి మేం అందుకోలేం, బాబాయి పెడతానన్నాడు. శాస్త్రిగారికి ముందుగా కబురు చేయమను, ఆయనకి ఆ నెలలో తీరికుండదు. నువ్వు పిల్లల్ని తీసుకుని ఓ పూట వెళ్ళిరా. పిల్లల్ని ఆ వడ్డన దగ్గరుండి చూడనీ. వస్తూ వస్తూ ఇంటి పన్ను రసీదు బాబాయి దగ్గర తీసుకుని బీరువాలో పెట్టు.

అల్లుడుగారికి మా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నాన్న